బడి తలుపు తెఱచినంత చాలునా?

పేద విద్యార్థుల భోజన వసతులకును, కళాశాల జీతములకును ప్రభుత్వము వెచ్చించు ధనమును 'ఉచితముల' పద్దులో వ్రాసి పరిహసించుట మన పట్టణములలో నేడొక నాగరకలక్షణమై పోయినది. కచేరీలలోను, రైలుపెట్టెలలోను, తుదకు గ్రంథాలయముల అరుగులమీదను ఈ మాట వినవచ్చుచున్నది. "బడి కట్టించితిమి, పంతులును వేసితిమి, చదువుకొనగోరువాడు చదువుకొనును. వానికి కూడు పెట్టి, పడక పఱచి, పైపెచ్చు జీతము గూడ మనమే కట్టవలయునా?" అని అడుగువారు నిరక్షరులు కారు. చదువుకొన్నవారు, పన్ను చెల్లించువారు, పలువురు తమ చదువునకు ఒరుల సాయము పొందినవారు. అందుచేతనే ఈ మాటకు సూటిగా సమాధానము చెప్పవలసియున్నది.

మా అభిప్రాయమును నిర్మొగమాటముగా చెప్పుచున్నాము. బడి తలుపు తెఱచుట విద్యావిస్తరణమున మొదటి మెట్టు మాత్రమే. ఆ తలుపువఱకు నడచివచ్చుటకు బిడ్డకు కడుపునిండ కూడు, తల దాచుకొన చోటు, గడువునకు కట్టవలసిన జీతము ఉండవలయును. ఇవి లేనిచోట తెఱచిన తలుపును మూసిన తలుపును ఒక్కటియే. తెలుగుదేశమున విద్యను నిజముగా విస్తరింపజేసిన నాయకులు, విద్యార్థులు ఈ సత్యమును గ్రహించియే పనిచేసిరి. వారి జయంతులను జరిపి, పటములకు పూలమాలలు వేసి, వారు చేసిన పనినే ప్రభుత్వము చేయబూనినప్పుడు దానిని దుబారా యని దూషించుట కృతఘ్నతయే యగును.

వారములు చేసికొని చదువుకొన్న పెద్దల కథలను మనము గర్వముతో చెప్పుకొందుము. ఆదివారమొక యింట, సోమవారమొక యింట, ఏడుదినములకు ఏడు గడపల భోజనము చేసి, వీథిదీపము క్రింద పాఠములు వల్లించి, న్యాయవాదులై, పండితులై, దేశసేవకులైన వారెందఱో కలరు. ఆ యేడిండ్ల ఇల్లాండ్రు వేసిన విస్తరిని ఎవ్వరైనను 'ఉచితము'ని ఈసడించిరా? లేదు. అది పుణ్యమనిరి, సదాచారమనిరి. చదువునకు అన్నము మూలమని మన సమాజము ఎఱుగక కాదు, బాగుగా ఎఱుగును. కాని ఆ విస్తరి ఎవరికి వేయబడినది? మాలపల్లె బాలుడు, మాదిగవాడ బాలుడు, మగ్గము గుంటలో పుట్టిన బాలుడు, గొఱ్ఱెల వెంట తిరిగిన బాలుడు వారమడుగ వచ్చినయెడల ఏ అరుగుమీద కూర్చుండనిచ్చిరి? ఇక బాలికల మాట చెప్పనేల? నేటి ప్రభుత్వ వసతిగృహము క్రొత్తగా పుట్టిన విడ్డూరము కాదు. ఆనాడు గడప దాటనీయని బిడ్డకు ప్రజలందఱును కలసి పెట్టుచున్న వారమది. మన పెద్దలు తిన్న వారము ధర్మమై, వీరు తిను వారము దుబారా యెట్లగును?

ఈ మార్గమును వేసినవారిని ఒక్కసారి స్మరింతము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను నెలకొల్పునాటికి ఆడపిల్ల చదువుట కులమునకు మచ్చయని తలచువారు ఊరూర నుండిరి. పంతులుగారు ఉపన్యాసములతో ఊరకుండక, 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి ధారవోసిరి. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు 1904 మొదలు 1919 వఱకు అధ్యక్షులుగా నుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు బాలికలను బాలురతోపాటు తరగతులలో కూర్చుండబెట్టిరి. తమ జీతములో పెద్దపాలు పేద విద్యార్థులకే వినియోగించిరి. 1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలకు కోపల్లె హనుమంతరావుగారు న్యాయవాదవృత్తిని, పిదప 1922లో తుదిశ్వాస వఱకు తమ జీవితమును సమర్పించిరి. వీరిలో ఎవ్వరును "తలుపు తెఱచితిమి, వచ్చువాడు వచ్చును" అని చేతులు దులుపుకొన్నవారు కారు.

నైజాము రాష్ట్రమున మన తెలుగువారి పాట్లు వేఱు. అచట 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో సాగెను. పల్లెనుండి హైదరాబాదునకు వచ్చిన తెలుగు బాలునికి తన భాషలో పాఠము లేదు. నగరమున నిలువ నీడయును లేదు. ఆ 1918లోనే, పిమ్మట నగర కొత్వాలైన రాజబహదూరు వెంకటరామారెడ్డిగారి పూనికచే రెడ్డి వసతిగృహము వెలసెను. దాని నిర్వహణభారమును సురవరము ప్రతాపరెడ్డిగారు వహించిరి. ఆయనయే 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పి, 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. నాలుగు గదులు, ఒక వంటయిల్లు, కొన్ని పుస్తకముల బీరువాలు — వీనినుండి తెలంగాణమునకు ఒక తరము కార్యకర్తలు లభించిరి. 1928లో మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో తెలుగు మాధ్యమమున బాలికల పాఠశాలను స్థాపించిరి. తన రాజధానిలోనే తెలుగు బోధనను నైజాము ప్రభుత్వము ఆదరింపకపోగా, ఆ బాలికల పరీక్షలకై దూరమున మహారాష్ట్రమునందలి కార్వే మహిళా విశ్వవిద్యాలయమును ఆశ్రయింపవలసివచ్చెను.

ఇచ్చట ఒక సంగతిని మఱుగుపఱుపరాదు. ఆనాటి హైదరాబాదున కులమునకొక వసతిగృహము లేచెను. ధనికులు, ఉద్యోగులు గల కులములవారు తమ బాలురకు తాము నీడ కల్పించుకొనిరి. మంచిదే. కాని ధనికుడే లేని కులముల బిడ్డల గతి యేమి? భాగ్యరెడ్డివర్మగారు 1910 మొదలుకొని హైదరాబాదు పేటలలో అంటరానివారనబడిన బిడ్డలకు పాఠశాలలు తెఱచుచు పోయిరి. ఆయన వెనుక జమీందారు లేడు, సంస్థానము లేదు, చందాలకై గడపగడప తిరిగిన కాళ్లే ఆయన మూలధనము. దాతృత్వము ఎంత గొప్పదైనను దాత కంటికి కనబడు మేరకే పారును. కనబడని గుడిసెకు చేరవలయునన్న అది చట్టము కావలయును, బడ్జెట్టు పద్దు కావలయును. ప్రభుత్వము ఈ పనిలో ఏల దిగవలయునని అడుగువారికి ఇదియే మా ప్రథమ సమాధానము.

నాయకులు చేసినది ఒక సగము. రెండవ సగము విద్యార్థులది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో వందేమాతర గీతమును పాడరాదని అధికారులు నిషేధింపగా విద్యార్థులు సమ్మె కట్టిరి. వందలకొలది బాలురు బహిష్కృతులైరి. ఒక్క ఉత్తరువుతో వారి చదువు, వసతి, భోజనము మూడును పోయినవి. క్షమాపణ వ్రాసియిచ్చిన మఱల చేర్చుకొందుమన్నను వంగనివారు పెక్కురు. అప్పుడు నాగపూరు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులైన కేదారుగారు తమ కళాశాలల తలుపులను వారికి తెఱపించిరి. అట్లు నాగపూరు చేరి చదువుకొన్నవారిలో పాములపర్తి వెంకట నరసింహారావుగారు ఒకరు. పట్టుదలగల విద్యార్థియు, వానిని నమ్మిన పెద్దయు కలసినప్పుడు ఒక సంస్థానాధీశుని ఉత్తరువు సైతము నీరుగారిపోయినదని ఈ కథ చెప్పుచున్నది.

ఇంతకంటెను మా హృదయమునకు హత్తుకొన్నది దుర్గాబాయిగారి కథ. కాకినాడలో తాను బాలికగా నున్నప్పుడే తోడి స్త్రీలకు హిందీ పాఠశాల నడపిన ఆమె, ఉప్పు సత్యాగ్రహమున చెఱసాలకు పోయివచ్చి, పిమ్మట చదువునకు కూర్చుండెను. కాశీ విశ్వవిద్యాలయపు పరీక్షలు గడచి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రాజనీతిశాస్త్రము చదువ వాల్తేరు వచ్చినప్పుడు ఎదురైన అడ్డంకి యేది? ఆమె తెలివికి కొఱత లేదు. తరగతిలో చోటు లేక కాదు. స్త్రీలకు వసతిగృహము లేదు! ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారంతటి విద్యావేత్త సైతము ఆ కారణమున సంశయించిరి. ఆమె కన్నీరు పెట్టుకొని తిరిగిపోలేదు. చదువగోరియు వసతిలేక ఇండ్లలో నిలిచిపోయిన యువతులు తనకు తెలుపుడని పత్రికలో ప్రకటన వేసెను. యువతులు వచ్చిరి, వారందఱు కలసి తామే ఒక వసతిగృహమును నడపుకొనిరి, విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొనక తప్పలేదు. వసతిలేమి ఎంతమంది ఆడుబిడ్డల చదువును అడ్డగించుచున్నదో ఆనాడొక చిన్న ప్రకటన బయటపెట్టెను. 1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభ పేర ఆమె నాటినది ఆ యనుభవబీజమే. 1958లో జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు అధ్యక్షురాలుగా ఆమెను నియమించిన ప్రభుత్వము, చదువునకు నోచక కష్టపడి చదువుకొన్నవారినే ఆ పీఠమున కూర్చుండబెట్టినది.

ఇక చట్టముల మాట. 1911లో గోఖలేగారు నిర్బంధ ప్రాథమిక విద్యాబిల్లును సామ్రాజ్య శాసనసభలో ప్రవేశపెట్టగా, మఱుసటి యేట 13 ఓట్లకు ఎదురుగా 38 ఓట్లతో దానిని త్రోసివేసిరి. అప్పుడు చెప్పిన అభ్యంతరములేవి? ధనము చాలదనిరి, ప్రజలు కోరలేదనిరి, కాలము రాలేదనిరి. నేటి అభ్యంతరములతో పోల్చిచూచుకొనుడు. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము, పదునాలుగేండ్లు నిండువఱకు బాలబాలికలందఱికి పదేండ్లలో ఉచిత నిర్బంధ విద్య నొసగ ప్రయత్నింపవలయునని 45వ అధికరణమున రాజ్యమును ఆదేశించెను. గడువు 1960లో తీరినది. 1993లో, మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే ప్రతివాదిగా నడచిన ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున, ఆ వయసువఱకు విద్య పౌరుని హక్కని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2002లో 86వ సవరణము. 2009లో విద్యాహక్కు చట్టము. అది అమలునకు వచ్చినది 2010 ఏప్రిల్ 1న. పదేండ్లలో తీర్చవలసిన బాకీకి అఱువదియేండ్లు పట్టినవి!

తీఱిన ఆ బాకీయైనను సగమే. చట్టము ఆఱేండ్లనుండి పదునాలుగేండ్ల వఱకే బిడ్డ చేయి పట్టుకొనును. పదునైదవ యేట, సరిగా కూలికి పంపుటకో పెండ్లి చేయుటకో ఇంటివారు ఆలోచించు ఏట, చేయి విడిచిపెట్టును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండక మునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది. తెలంగాణమున 23 మందికి పైన. ఊరిలో ఉన్నతపాఠశాల ముగిసినది. ఇంటర్మీడియట్ కళాశాల పది మైళ్ల అవతల నున్నది. బస్సు వచ్చిన వచ్చును, రాకున్న రాదు. అట్టి బాలికకు మండలకేంద్రమున ఒక వసతిగృహపు మంచము దొరకుటయా, దొరకకుండుటయా అన్నదియే ఆమె జీవితమును నిర్ణయించుచున్నది. దీనిని ఉచితమని పిలువ నోరెట్లు వచ్చునో మాకు తెలియకున్నది.

ప్రభుత్వములు మంచిపని చేసినచోట దానిని మెచ్చుకొందుము. 1971లో నాటి నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల తెఱవబడెను. బడియు, భోజనమును, వసతియు ఒక్క చోటనే యుండవలయునన్న భావమునకు అది రూపము. నాగపూరున నీడ పొందిన నరసింహారావుగారే దానికి కారకులగుట యాదృచ్ఛికము కాదని మా నమ్మిక. 1980 దశకమున సాంఘిక సంక్షేమశాఖలో ఎస్. ఆర్. శంకరన్ గారు వేసిన బాటలో దళితవాడల బిడ్డలకు గురుకులములు విస్తరించెను. ఆ గురుకులములలో చదువుచున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదుమూడేండ్ల వయసున, ఎవరెస్టు శిఖరమునెక్కెను. తండాలో పుట్టిన బాలికకు సత్తువయు ధైర్యమును పుట్టుకతోనే యున్నవి. లేనివి అన్నము, అక్షరము, అవకాశము మాత్రమే. అవి చేకూరిన వెంటనే ఏమి జరిగినదో లోకము చూచినది. 2008 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన జీతముల చెల్లింపు పథకమువలన తమ వంశమున మొదటిసారి పట్టభద్రులైనవారు నేడు ప్రతి వీథిలోను కలరు.

మఱి నేటి స్థితి యేమి? ఆ పథకమున కళాశాలలకు చెల్లవలసిన సొమ్ము ఏండ్లతరబడి బకాయిపడుట రెండు రాష్ట్రములలోను, ఏ పక్షము గద్దెనెక్కినను, ఆనవాయితీ యైనది. ఒకప్పుడు సొమ్ము కళాశాలకు చేరవలయుననిరి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నాళ్లు తల్లి ఖాతాకు చేరవలయుననిరి. మఱల కళాశాలకే యనిరి. దారి మాఱినది గాని బకాయి మాఱలేదు. 2025 నవంబరులో తెలంగాణమునందలి ప్రైవేటు కళాశాలల యాజమాన్యములు బకాయిలకై తలుపులే మూసివేసినవి. ఈ పోరాటమున నలిగిపోవునది యెవరు? చదువు ముగిసి, ఉద్యోగము చేతికందు వేళకు "మీ జీతము రాలేదు, పట్టా ఇయ్యము" అన్న మాట వినుచున్న విద్యార్థి. బాకీపడినది ప్రభుత్వము, జప్తయినది పేదవాని పట్టా! మూలపత్రములను విద్యాసంస్థలు తమయొద్ద ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లోనే ఆదేశించియున్నది. ఆ యాదేశమును అమలుపఱుపవలసిన ప్రభుత్వమే బాకీదారు. ఇక అది కళాశాలను ఏ ముఖముతో మందలించును?

వసతిగృహముల భోజనమును చూడుడు. బియ్యము, పప్పు, నూనె ధరలు ఏటేట పెరుగుచుండగా విద్యార్థి భోజనపు రేటు ఏండ్లకొలది కదలదు. 2024లో తెలంగాణపు గురుకులములలో కలుషితాహారమువలన బాలబాలికలు ఆసుపత్రుల పాలైన వార్తలు పలుమాఱు వచ్చిన యేటనే ప్రభుత్వము భోజనపు రేటును 40 శాతము పెంచెను. పెంచినందుకు సంతోషము. కాని ఒక్కసారిగా 40 శాతము పెంచవలసివచ్చినదన్న, అంతకు మునుపు ఎన్నేండ్లు ఆ బిడ్డల విస్తరిలో కోత పడినదో లెక్కించుకొనుడు. ఉద్యోగి కరవుభత్యము ధరల ననుసరించి పెరుగును. విద్యార్థి ఆకలి మాత్రము ఉత్తరువు కొఱకు కాచుకొని యుండవలయునా?

ధనము లేదందురా? జాతీయాదాయములో నూటికి ఆఱుపాళ్లు విద్యకు వెచ్చింపవలయునని 1964–66 కొఠారీ సంఘము చెప్పెను. 2020 జాతీయ విద్యావిధానమును అదే సంఖ్యను మఱల వ్రాసికొనెను. ఈ నడుమ మన దేశము ఆ మెట్టు నొక్క యేడైన ఎక్కలేదు. అర్ధశతాబ్దికి పైగా ఒకే వాగ్దానమును తిరుగవ్రాయు వారు, ఆ వాగ్దానములో అణుమాత్రమైన విద్యార్థి విస్తరిని చూపి ఖజానాకు బరువనుట న్యాయము కాదు. "అందఱికి ఇచ్చుటచే అనర్హులును పొందుచున్నారు" అందురా? అనర్హుని ఏఱివేయుడు, అర్హుని పస్తుండబెట్టకుడు. దొంగ కళాశాలలు పుట్టినవందురా? తనిఖీ చేసి మూయుడు. అందులకు ఉన్నవారే కదా అధికారులు. కొట్టములో ఎలుక దూరినదని ధాన్యము పండించుట మానుకొన్న రైతును మేమెన్నడును చూడలేదు.

"విద్యార్థులు వీథులకెక్కనేల, చదువుకొనరాదా" అని మందలించు పెద్దలకును ఒక మాట. 1938 నాటి విద్యార్థులను దేశభక్తులని మీరే కీర్తించుచున్నారు. దుర్గాబాయిగారి విగ్రహమునకు మీరే దండలు వేయుచున్నారు. వారును తమ చదువునకై, తమ ఆత్మగౌరవమునకై ఎదురుతిరిగిన విద్యార్థులే. చచ్చిన తిరుగుబాటును పూజించి, బ్రతికిన తిరుగుబాటును తిట్టుట పెద్దరికము కాదు. విద్యార్థి సంఘములకును మా హెచ్చరిక కలదు. జెండాకొక సంఘముగా చీలి, తమ పక్షము అధికారమున నున్నప్పుడు మౌనము వహించి, దిగిపోయినప్పుడు గర్జించు సంఘముల మాటను ఏ మంత్రియు లెక్కచేయడు. పట్టా పెట్టెలో చిక్కిన విద్యార్థికి పక్షము లేదు. వాని పేర కోరునప్పుడు మీరును ఒక్కటై కోరుడు.

మేము కోరునవి నాలుగే. జీతపు సొమ్ము విద్యాసంవత్సరము ముగియకమునుపే చెల్లింపబడవలయును. చెల్లింపనియెడల ఆ తగవు ప్రభుత్వమునకు కళాశాలకు నడుమనే యుండవలయును గాని విద్యార్థిపై పడరాదు. బకాయి నెపమున పట్టా నాపు సంస్థపై తప్పక చర్య తీసికొనవలయును. భోజనపు రేటు ఏటేట ధరల ననుసరించి తనంత పెరుగునట్లు శాసింపవలయును. వంటయింటి లెక్కలను చూచుటకు విద్యార్థులకు, తల్లిదండ్రులకు హక్కుండవలయును. ప్రతి మండలమునను ఇంటర్మీడియట్ చదువు బాలికలకు కాపలా, నీరు, దీపము గల వసతిగృహముండవలయును.

పట్టణవాసులమైన మనము చేయదగినదియు కలదు. మీ పేటలోని వసతిగృహమునకు ఎన్నడైన పోయి చూచితిరా? నెలకొక్కసారి పోయి ఆ బిడ్డలతో కూర్చుండి భుజింపుడు. నీళ్లపప్పును చూచినచో అధికారికి వ్రాయుడు, పత్రికకు వ్రాయుడు. గ్రంథాలయమున సాయంకాలము రెండు గంటలు ఆ పిల్లలకై దీపము వెలిగించి యుంచుడు. వసతిగృహములలో చదివి పైకివచ్చినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క విద్యార్థి పరీక్షరుసుము భరించిన, పరీక్ష వ్రాయలేక ఆగిపోవువాడు ఉండడు. ఇది ప్రభుత్వము చేయవలసిన పనికి బదులు కాదు. ప్రభుత్వము చేయుచున్నదో లేదో కనిపెట్టి యుండుటకు మార్గము. ప్రజలు కనిపెట్టి చూడని పద్దు ఖజానాలో ఎన్నడును మొదట చెల్లింపబడదు.

1951లో మన దేశమున అక్షరాస్యులు నూటికి 18 మంది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 67 మంది. ఈ దూరమును మనలను నడిపించినది ఆస్తులు ధారవోసిన పెద్దలు, బహిష్కారములకు వెఱవని బాలురు, ప్రకటన వేసి వసతిని నిలిపిన ఆడుబిడ్డలు. మిగిలిన దూరమును నడువవలసినవారు నేడు పరీక్షరుసుమునకై, పట్టాకై, పూటకూటికై కచేరీల మెట్లమీద నిలిచియున్నారు. వారు బిచ్చమెత్తవచ్చినవారు కారు. రాజ్యాంగము వ్రాసియిచ్చిన ప్రోనోటు చేతబట్టుకొని వచ్చిన ఋణదాతలు. గడువు ఎన్నడో మీఱినది. అసలుకు అసలు, వడ్డీకి వడ్డీ చెల్లింపవలసినదే యని ప్రతి శాసనసభ్యుని, ప్రతి మంత్రిని, ఓటడుగవచ్చు ప్రతి అభ్యర్థిని తెలుగు మహాజనులు నిలువబెట్టి యడుగుదురుగాక.